వంతెన మరమ్మతు – మారిన వేళలు
(విశ్రాంత రైల్వే ఉద్యోగుల సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ఏదైనా ఒక విషయం మీద అరగంట మాట్లాడమని మన కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. కరువు భత్యం గురించీ, కమ్యుటేషన్ గురించీ, మెడికల్ కార్డుల గురించీ నాకంటే బాగా తెలిసినవారు మనలో చాలామంది ఉన్నారు. ఆ పని వారికి వదిలేసి, నాకు అన్నం పెట్టిన వంతెనల గురించి నాలుగు మాటలు చెబుతాను. అందులోనూ ఒక చిన్న భాగమే ఎంచుకున్నాను. ఓడల కోసం తెరుచుకునే వంతెనలు కొన్ని ఉన్నాయి. అవి మరమ్మతుకు వచ్చినప్పుడు వాటిని తెరిచే వేళలు తాత్కాలికంగా మారుస్తారు. ఆ మార్పు ఎలా చేస్తారు, ఎలా చేస్తే న్యాయంగా ఉంటుంది అన్నదే నేటి విషయం.

"ఇదేం విషయమండీ, మనకెందుకూ?" అని వెనక వరుసలో ఎవరో నవ్వుతున్నారు. కాస్త ఓపిక పట్టండి. రామేశ్వరం వెళ్ళివచ్చిన ప్రతి ఒక్కరికీ ఇది సంబంధించిన విషయమే.

ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను వంతెనల విభాగంలో పనిచేశాను. రివెట్లు మార్చడం, గర్డర్లు ఎత్తడం, రంగులు వేయించడం ఇవన్నీ కష్టమైన పనులే. కాని అన్నిటికంటే కష్టమైన పని బ్లాకు సంపాదించడం. కంట్రోలుకు ఫోను చేసి "అయ్యా, రెండు గంటలు లైను ఇవ్వండి" అని అడగాలి. వారు గంటన్నర ఇస్తామంటారు. ఇచ్చిన గంటన్నరలో పని పూర్తిచేసి లైను అప్పగించాలి. పది నిమిషాలు దాటితే "బ్లాకు బరస్టు" అయిందని మర్నాడు సంజాయిషీ. ఇక్కడున్న ఆపరేటింగు వారు నవ్వుతున్నారు. వారికీ తెలుసు, మాకూ తెలుసు. తెరుచుకునే వంతెన దగ్గర ఈ చిక్కు రెండింతలవుతుంది. అక్కడ పైన పోయే రైలుకు ఒక కంట్రోలు ఉంటే, కింద పోయే ఓడకు మరో కంట్రోలు ఉంటుంది. మరమ్మతు చేసేవాడు ఇద్దరి దగ్గరా చేతులు కట్టుకొని నిలబడాలి.

మన గోదావరి మీద, కృష్ణ మీద వంతెనలు ఎత్తుగా కట్టారు కనుక లాంచీలు, పడవలు కిందనుంచి పోతాయి. ఎవరికీ ఎవరూ అడ్డు కాదు. కాని సముద్రపు పాయల మీద, ఓడరేవుల దగ్గర ఓడ స్తంభం పట్టేంత ఎత్తుకు రైలు మార్గాన్ని లేపడం కష్టం. రైలుకు ఏటవాలు పనికిరాదు కదా! అందుకని వంతెనను తక్కువ ఎత్తులో కట్టి, మధ్యలో ఒక భాగం తెరుచుకునేలా ఏర్పాటు చేశారు. కొన్ని తలుపు రెక్కల్లా రెండు పక్కలకూ పైకి లేస్తాయి. కొన్నిటిలో మధ్య భాగం లిఫ్టులాగా నిటారుగా పైకి పోతుంది. కొన్ని పక్కకు తిరుగుతాయి.

కలకత్తాలో ఇప్పుడున్న హౌరా వంతెన 1943లో వచ్చింది. దానికి ముందు అక్కడ 1874లో కట్టిన తేలే వంతెన ఉండేది. ఓడలు వచ్చినప్పుడు దాని మధ్య భాగాన్ని విడదీసి పక్కకు తప్పించేవారు. 1906 వరకు పగలే విడదీసేవారు. అంటే కచేరీలకు పోయేవాళ్ళూ, హౌరా స్టేషనులో రైలెక్కవలసినవాళ్ళూ గట్టున నిలబడి ఓడలు లెక్కపెట్టుకోవాలి. 1906 జూన్ నుంచి రాత్రిపూట తెరవడం మొదలుపెట్టారు. సముద్రం మీద పోయే పెద్ద స్టీమర్లకు మాత్రం పగలే దారి ఇచ్చారు. వంతెనలో ఒక్క మేకు మార్చలేదు, వేళ మార్చారు, జనానికి సగం కష్టం తీరింది. వేళల మార్పు ఎంత పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక మరమ్మతు సంగతి. మామూలు వంతెన మీద రంగు వేస్తే రంగు వేసినట్టే. తెరుచుకునే వంతెన అలా కాదు. దాని రెక్క ఒక తక్కెడ. పైకి లేచే భాగం బరువుకు సరిపోయేలా వెనకవైపు పెద్ద బరువు దిమ్మ ఉంటుంది. ఆ సమతూకం వల్లనే వందల టన్నుల రెక్కను చిన్న మోటారు ఎత్తగలుగుతుంది, కొన్నిచోట్ల మనుషులే చేతులతో ఎత్తగలుగుతారు. మరమ్మతులో పాత పలకలు పీకితే రెక్క తేలికవుతుంది. పరంజా కట్టి, రంగు పొడి నీళ్ళలో పడకుండా చుట్టూ గుడ్డలు కడితే బరువెక్కుతుంది. తక్కెడ తప్పిన రెక్కను కదిలిస్తే ప్రమాదం. కనుక ఆ రోజుల్లో అడిగినప్పుడల్లా తెరవడం సాధ్యం కాదు. రెండు రెక్కల వంతెన అయితే ఒక రెక్కను మూసి పని చేస్తూ రెండో రెక్కను మాత్రం లేపుతారు. చిన్న పడవలు ఆ సగం దారిలో పోతాయి. పెద్ద ఓడకు రెండు రెక్కలూ లేవాలంటే ముందుగా కబురు పెట్టాలి. కబురు అందాక పనివాళ్ళు పరంజా సర్ది దారి ఇస్తారు.

ఈ కబురు ఏర్పాటును నేను కళ్ళారా చూసింది అమెరికాలో. మా అమ్మాయి కుటుంబం సియాటిల్ దగ్గర ఉంటుంది. మనవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు, ఈ సభలోనూ అక్కడికి పోయివచ్చినవారు ఉన్నారు. అక్కడి కాలువ మీద ఫ్రీమాంట్ వంతెన అని 1917లో కట్టినది ఒకటి ఉంది. నీటికి 30 అడుగుల ఎత్తులోనే ఉంటుంది కనుక రోజుకు సగటున 30 సార్లకు పైగా తెరుస్తారు. నేను రోజూ సాయంత్రం నడకకు పోయి అక్కడ నిలబడేవాణ్ణి. మా ఆవిడ "ఏమండీ, రిటైరయినా ఇన్‌స్పెక్షను మానలేదా?" అనేది. అక్కడి కట్టుబాటు ఏమంటే, పనిదినాల్లో ఉదయం 7 నుంచి 9 వరకు, సాయంత్రం 4 నుంచి 6 వరకు వెయ్యి టన్నుల లోపు నౌకలకు వంతెన తెరవరు. ఆఫీసులకు పోయివచ్చే వేళ అది. మిగతా సమయంలో నీళ్ళ మీద వచ్చేవాడిదే ముందు హక్కు. చిన్న తెరచాప పడవ ఒక్కటి వచ్చినా సరే, వందల కార్లు ఆగవలసిందే.

అక్కడి ఈల భాష మన రైల్వేవారికి నచ్చుతుంది. పడవవాడు ఒక పొడుగు కూత, ఒక పొట్టి కూత వేస్తే "వంతెన తెరవండి" అని అర్థం. వంతెన మీదివాడు అదే కూత తిరిగి వేస్తే "తెరుస్తున్నాను" అని. అయిదు పొట్టి కూతలు వేస్తే "తెరవలేను, ఆగు" అని. ఇవతలివాడు మౌనంగా ఉండడమనేది లేదు. లేదు అన్నా సరే, జవాబు మాత్రం చెప్పాలి.

మరమ్మతు కోసం వేళలు మార్చదలిస్తే వంతెన యజమాని అక్కడి కోస్ట్ గార్డుకు కనీసం 30 రోజుల ముందు రాతపూర్వకంగా దరఖాస్తు చేసుకోవాలి. ఏ పని చేస్తారు, ఏ వేళలు మారుస్తారు, ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు ముగిస్తారు అన్నీ అందులో రాయాలి. ఆ మార్పు 180 రోజులకు మించకూడదు. మించేట్టయితే అది తాత్కాలిక సర్దుబాటు కాదు, నోటీసు ఇచ్చి, జనం అభిప్రాయం అడిగి, వేరుగా నిబంధన చేయాలి. ఒకే రోజు రెండు విడతలుగా మూస్తే మధ్య విరామంలో పడవలకు దారి ఇవ్వాలి. మారిన వేళలు నావికులకు ప్రకటనగా వెళ్ళాలి. ఇందులో గొప్ప ఇంజనీరింగు ఏమీ లేదు. ఎదుటివాడికి కూడా పని ఉంటుందన్న గుర్తింపు ఉంది, అంతే.

లండనులోని టవర్ బ్రిడ్జి 1894 నాటిది. అక్కడ ఓడవారు 24 గంటల ముందు తెలియజేస్తే చాలు, రుసుము లేకుండా తెరుస్తారు. 2016 చివర్లో రోడ్డు పలకలు మార్చడానికి వాహనాలను కొన్ని వారాలపాటు పూర్తిగా ఆపారు. నడిచేవారికి మాత్రం చాలా రోజులు దారి ఉంచారు. ఎవరిని ఆపితే ఎవరికి చుట్టుదారి ఉంది, ఎవరికి లేదు అని చూశారన్నమాట. కారువాడు మరో వంతెన మీదుగా పోగలడు. కాలినడక ముసలాయన అంత చుట్టు తిరగలేడు.

అదే వంతెన మీద 1952 డిసెంబరు 30న ఒక విచిత్రం జరిగింది. ఆల్బర్ట్ గంటర్ అనే డ్రైవరు 78వ నంబరు బస్సు నడుపుతూ వంతెన ఎక్కాడు. ముందస్తు హెచ్చరిక అందలేదు. బస్సు ఇంకా రెక్క మీద ఉండగానే అది లేవడం మొదలయింది. బ్రేకు వేసే వ్యవధి లేదని గ్రహించి ఆయన వేగం పెంచి బస్సును అవతలి రెక్క మీదికి దూకించాడు. ప్రయాణికులు బతికారు. ఆయనకు 10 పౌన్ల బహుమానం ఇచ్చారు. ఆయన ధైర్యాన్ని మెచ్చుకోవలసిందే. కాని ఒక గంట సమయానికి మోగి ఉంటే ఆ ధైర్యంతో పనే ఉండేది కాదు. మన రైల్వేలో కూడా సాహసానికి అవార్డు ఇచ్చిన చాలా సందర్భాల వెనక మోగని గంట ఒకటి ఉంటుంది.

ఇప్పుడు మన పాంబన్‌కు వద్దాం. 1914 ఫిబ్రవరిలో ప్రారంభమైన ఆ వంతెన పొడవు రెండు కిలోమీటర్లకు పైమాటే. మధ్యలో ఓడల కోసం తెరుచుకునే భాగం ఉంది. చికాగోకు చెందిన విలియం షెర్జర్ రూపొందించిన పద్ధతి కనుక దానికి షెర్జర్ స్పాన్ అని పేరు. దాని రెండు రెక్కలనూ చివరిదాకా మనుషులే పళ్ళచక్రాలు తిప్పి లేపేవారు. ఎండలో, ఉప్పు గాలిలో మన తోటి గాంగువారు తిప్పేవారని గుర్తుంచుకోండి. ఓడలూ, పెద్ద చేపల పడవలూ రేవు దగ్గర చేరి, అనుమతి వచ్చిన రోజున వరుసగా దాటేవి. గాలి వేగం గంటకు 58 కిలోమీటర్లు దాటితే సిగ్నలు తనంతట తానే రైలును ఆపేసేది. అంటే అక్కడ రైలు, ఓడ, గాలి ముగ్గురికీ టైం టేబుల్ ఉండేది.

1964 డిసెంబరు 22 అర్ధరాత్రి తుఫానుకు ధనుష్కోడి పాసింజరు ప్రయాణికులతో సహా సముద్రంలో కలిసిపోయింది. ఆ సంగతి తలచుకుంటే రైల్వేవాడికి ఇప్పటికీ గుండె చెరువవుతుంది. వంతెన గర్డర్లు చాలా భాగం కొట్టుకుపోయాయి. షెర్జర్ స్పాన్ నిలిచింది. ఇ. శ్రీధరన్ గారు అప్పుడు యువ ఇంజనీరు. నెలల వ్యవధి ఇచ్చిన పనిని 46 రోజుల్లో పూర్తిచేసి రైలు నడిపించారు. మత్స్యకారులు ఆచూకీ చెప్పగా సముద్రంలో పడిన గర్డర్లను వెతికి తీయించి మళ్ళీ ఎక్కించారు. ఇక్కడ ఒక్క మాట. వంతెన తెరవడానికి రోజుల తరబడి ఎదురుచూసేది ఆ మత్స్యకారులే. వంతెన పడిపోయినప్పుడు దాని గర్డర్లు చూపించిందీ వాళ్ళే. నీళ్ళ మీద పోయేవాడు రైల్వేకు అడ్డం కాదు, చుట్టం.

1988లో పక్కనే ఎత్తైన రోడ్డు వంతెన వచ్చింది. దాని కింద నుంచి పడవలు పోతాయి, దాన్ని తెరవనక్కరలేదు. 2007లో రైలు మార్గం బ్రాడ్‌గేజి అయింది. 2013 జనవరిలో ఒక బార్జి కొట్టుకువచ్చి వంతెన స్తంభాన్ని తాకితే కొంతకాలం రైళ్ళు ఆగాయి. 2018 డిసెంబరులో షెర్జర్ స్పాన్‌లో పగులు కనిపించి, మరమ్మతు చేసి మళ్ళీ నడిపేసరికి 2019 ఫిబ్రవరి వచ్చింది. చివరకు 2022 డిసెంబరు 23న పాత వంతెన మీద రైళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ నడవలేదు. పక్కన నిర్మాణంలో ఉన్న కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు ప్రారంభమయింది. దాని మధ్య 72.5 మీటర్ల భాగం నిటారుగా 17 మీటర్లు లేస్తుంది. చక్రాలు తిప్పే పని లేదు, మోటార్లే లేపుతాయి.

వినడానికి ఇది వరుసగా తేదీల జాబితా. కాని 2022 డిసెంబరు నుంచి 2025 ఏప్రిల్ దాకా రెండేళ్ళ మూడు నెలలకు పైగా రామేశ్వరానికి రైలు లేదు. 2023లో నేనూ, మా ఆవిడా, మన పెన్షనర్లు మరికొందరూ కలిసి ఒక యాత్రల నిర్వాహకుడి ద్వారా వెళ్ళాము. "రామేశ్వరం దాకా రైలే" అని ఆయన చెప్పాడు. తెల్లవారుజామున మండపంలో దించేశారు. అక్కడి నుంచి సామానుతో బస్సు ఎక్కి ఇంకా ఇరవై కిలోమీటర్లు పోవాలి. మా జట్టులో మోకాళ్ళ ఆపరేషను చేయించుకున్న ఒక సోదరి ఉంది. "అన్నయ్యగారూ, ముందే చెబితే సామాను సగం ఇంట్లోనే పెట్టి వచ్చేదాన్ని కదా" అంది. ఆవిడ వంతెనను తిట్టలేదు, రైల్వేను తిట్టలేదు. పాతబడ్డ వంతెన మీద రైలు ఆపడం సరైన పనే, ప్రాణాల కన్నా ప్రయాణం ఎక్కువ కాదు. ఆవిడ అడిగింది ముందుగా ఒక మాట.

ఆ మధ్యాహ్నం నేను పాంబన్ గట్టున కూర్చుని చూశాను. పాత వంతెన, పక్కన కొత్త వంతెన పనులు, అవతల రోడ్డు వంతెన మీద బస్సులు. రైలెక్కే మనకు రోడ్డు దారి ఉంది, కాస్త శ్రమ, కాస్త ఖర్చు. పడవవాడికో? ఆ దారి మూస్తే శ్రీలంక చుట్టూ తిరిగిపోవాలి. రెండు రైలు వంతెనలూ పక్కపక్కన నిలిచి ఉన్నంతకాలం ఒకటి తెరిస్తే చాలదు, రెండూ తెరవాలి. కొత్తది నిమిషాల్లో లేచినా, పాతది లేచేదాకా పడవ ఆగవలసిందే. కొత్త యంత్రం వేగం పడవవాడికి అందేది పాతదాని వేళ కూడా కుదిరినప్పుడే. ఈ మాట ఇంజనీరుగా చెబుతున్నాను.

ఇన్ని వంతెనలు చూశాక నాకు తెలిసినది నాలుగు మాటల్లో చెబుతాను.

మొదటిది, మరమ్మతు తప్పదు. పాత వంతెనను మూయవద్దని అడిగేవాడు దాని కింద ప్రమాదాన్ని అడుగుతున్నాడు. మనలాగే దానికీ కీళ్ళు అరుగుతాయి, మందూ విశ్రాంతీ కావాలి.

రెండవది, మూసే తేదీతోపాటు తెరిచే తేదీ కూడా చెప్పాలి. "తదుపరి ఉత్తర్వుల వరకు" అన్న మాట ఎదురుచూసేవాడికి ఏమీ చెప్పదు. తేదీ కుదరకపోతే కొత్త తేదీ ముందుగానే చెప్పాలి. ఫైలు "పరిశీలనలో ఉంది" అన్న జవాబు అందుకున్న పెన్షనర్లకు ఈ బాధ వేరే వివరించనక్కరలేదు.

మూడవది, కష్టాన్ని పంచాలి. చుట్టుదారి ఉన్నవాడిని ఎక్కువసేపు ఆపవచ్చు, లేనివాడిని తక్కువసేపు ఆపాలి. పని రాత్రి చేస్తే పగలు దారి ఇవ్వవచ్చు. ఒక రెక్క మూస్తే రెండవది తెరవవచ్చు. అంబులెన్సుకూ, ఆపదలో ఉన్న పడవకూ ఏ వేళా అడ్డు కాకూడదు.

నాలుగవది, జవాబు ఇవ్వాలి. అయిదు పొట్టి కూతలైనా సరే. లేదు అని చెప్పించుకున్నవాడు ఇంటికి పోయి తన ఏర్పాటు తాను చేసుకుంటాడు. ఏమీ చెప్పించుకోనివాడు గట్టునే పడి ఉంటాడు.

మన ఊళ్ళలో తెరుచుకునే వంతెనలు లేకపోవచ్చు. కాని లెవెల్ క్రాసింగులు మూస్తున్నారు, ఫ్లై ఓవర్లు మరమ్మతు చేస్తున్నారు, స్టేషను లిఫ్టులు ఆగిపోతున్నాయి. అప్పుడు మనం కోపంతో అరవనక్కరలేదు. ఎప్పుడు మూస్తారు, ఎప్పుడు తెరుస్తారు, అంతవరకు మాకు దారేది అని ఈ మూడు ప్రశ్నలు కాగితం మీద రాసి అధికారులకు ఇద్దాం. అడిగే తీరిక మనకుంది. ఎలా అడగాలో ఉద్యోగమే నేర్పింది. నడవలేనివారి తరఫున, చదువురానివారి తరఫున మన సంఘం ఈ పని చేపట్టాలని మనవి చేస్తున్నాను. ఒక చిన్న కమిటీ వేస్తే నేను అందులో పనిచేయడానికి సిద్ధం.

 నాకిచ్చిన బ్లాకు పూర్తయింది, అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. లైను క్లియరుగా అప్పగిస్తూ సెలవు తీసుకుంటున్నాను. నమస్కారం.